మాట వినపడాలి, గోడలు అదరకూడదు: హోమ్ థియేటర్ లెవెల్స్ కొలిచి సరిచేసుకునే పద్ధతి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా హోమ్ థియేటర్ ఉన్న ఇంట్లో మొదట వినపడే ఫిర్యాదు ఇదే. హీరో మాట్లాడుతుంటే వినపడదు, రిమోట్ తీసి సౌండు పెంచుతారు. అంతలో ఫైటు మొదలవుతుంది, పక్క గదిలో పడుకున్న పెద్దవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. మళ్లీ రిమోట్ వెతుకులాట. సెంటర్ స్పీకర్ బాగాలేదనో, రిసీవర్ (స్పీకర్లన్నింటినీ నడిపే ఆంప్ పెట్టె) పాతదైపోయిందనో అనుకుని చాలామంది కొత్తది కొనేస్తారు. ఆ డబ్బు తీసే ముందు ఒక మీటరు సంపాదించి, ఒక గంట కూర్చోండి. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ చోట్ల లోపం వస్తువులో లేదు, లెవెల్స్‌లోనే ఉంది.

కారణం ఊహించడం కష్టం కాదు. బిగించడానికి వచ్చిన కుర్రాడు డెమో అదిరిపోవాలని సబ్ (బేస్ ఆడించే సబ్ వూఫర్ పెట్టె) నాబ్ బాగా పైకి తిప్పి వెళ్తాడు. వెనక సరౌండ్ స్పీకర్లు సోఫాకు మూడడుగుల దూరంలో ఉంటాయి, ముందువి పదడుగుల అవతల ఉంటాయి. సెంటర్ స్పీకరేమో టీవీ యూనిట్ అరలో, సెటాప్ బాక్సుల వెనక ఇరుక్కుని ఉంటుంది. అన్నీ ఒకే సెట్టింగులో వదిలేస్తే దగ్గరున్నది గట్టిగా, దూరంగా ఉన్నది సన్నగా వినపడక ఇంకేం అవుతుంది? సినిమాలో మాటలన్నీ దాదాపుగా సెంటర్‌లోనే వస్తాయి. అదొక్కటి తగ్గినా సినిమా చెడిపోతుంది.

ఈ పనిలో 75 అనే అంకె మాటిమాటికీ వస్తుంది, అదేమిటో ముందు చెప్పుకుందాం. సినిమా హాల్లో తెర వెనక ఉన్న ఒక్కో స్పీకర్ చానెల్‌ను టెస్ట్ టోన్ (కొలత కోసం ఆడించే హోరు శబ్దం) పెట్టి 85 డెసిబెల్స్‌కు సరిచేస్తారు. సూళ్లూరుపేట వి ఎపిక్‌లో తెర వెడల్పే 100 అడుగులు దాటుతుంది, అంత పెద్ద హాలుకైనా చిన్న హాలుకైనా లెక్క అదే. ఇంటి రిసీవర్లలో వచ్చే టెస్ట్ టోన్‌ను సాధారణంగా దానికంటే 10 డెసిబెల్స్ తక్కువ స్థాయిలో పెడతారు, కాబట్టి మనం 75కి సరిచేస్తే రిసీవర్ వాల్యూమ్ అంకె సున్నా దగ్గర (తగ్గిస్తే మైనస్ అంకెలు వస్తాయి) హాలుతో సమానమైన స్థాయి వస్తుంది. హాల్లో 5.1 (అయిదు స్పీకర్ చానెళ్లు, ఒక బేస్ చానెల్) పద్ధతిలో సరౌండ్ చానెళ్లను ఒక్కోటి 82కే పెడతారు. అది చదివి ఇంట్లో కూడా సరౌండ్ తగ్గించేవాళ్లున్నారు. ఇంట్లో ఆ తేడా అక్కర్లేదు, అన్నీ 75కే పెట్టాలి.

పక్కవాళ్ల గోడ మన గోడకు ఆనుకుని ఉంటే 75 ఎక్కువ అనిపించొచ్చు. అప్పుడు 70కి పెట్టుకోండి, నష్టమేమీ లేదు. ముఖ్యం అంకె కాదు, అన్నీ ఒకే అంకె దగ్గర నిలబడటం.

ఏం కావాలి

చేతిలో పట్టుకునే డిజిటల్ సౌండ్ లెవెల్ మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, దాని మీద ఎ, సి అని రెండు వెయిటింగ్‌లూ ఉండాలి. వెయిటింగ్ అంటే ఏ స్వరాన్ని ఎంత లెక్కలోకి తీసుకోవాలో మీటరుకు చెప్పే సెట్టింగు. ఎ మాత్రమే ఉన్నది మన పనికి రాదు. ఎ వెయిటింగ్ మనిషి చెవిని అనుకరిస్తూ బేస్‌ను బాగా కోసేస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్, 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెల్స్ తక్కువ చూపిస్తుంది. దానితో సబ్ కొలిస్తే మీటరులో అంకె లేవదు, మీరు నాబ్ తిప్పుతూనే పోతారు. సి వెయిటింగ్ 31.5 దగ్గర కూడా 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది.

ఫోన్ యాప్ సరిపోదా అంటే, సగం పనికి సరిపోతుంది. ఒక స్పీకర్‌ను ఇంకో స్పీకర్‌తో పోల్చడానికి ఫోన్ చాలు, ఎందుకంటే తప్పు చూపించినా అన్నింటికీ ఒకే తప్పు చూపిస్తుంది. యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి సి, స్లో (అంకె నిదానంగా మారే సెట్టింగు) పెట్టుకోండి. సబ్ విషయంలో మాత్రం ఫోన్‌ను నమ్మొద్దు. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, కింది బేస్ దాని చెవికి సరిగ్గా ఎక్కదు. ఈ పని మీద ఇంకా ఆసక్తి ఉంటే యుమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు, ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ ప్రోగ్రాం తీసుకోండి. ఆ మైకుతో పాటు దాని సీరియల్ నంబరుకు తగ్గ కాలిబ్రేషన్ ఫైలు వస్తుంది, కింది బేస్ కూడా నమ్మకంగా కొలవొచ్చు.

ఇవి కాక ఒక ఫోన్ ట్రైపాడ్, కొలత టేపు, కాగితం, పెన్ను.

టోన్ పెట్టే ముందు

స్పీకర్ వైర్లు చూడండి. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒక్క స్పీకర్ తిరగబడినా ఆ వైపు బేస్ పల్చబడుతుంది, మీటరు ఆ సంగతి సూటిగా చెప్పదు.

రిసీవర్ మెనూలో అన్ని స్పీకర్లనూ స్మాల్ అని పెట్టి, క్రాసోవర్ (స్పీకర్లకూ సబ్ కూ మధ్య బేస్ విడిపోయే హద్దు) 80 హెర్ట్జ్‌కు పెట్టండి. పెద్ద టవర్ స్పీకర్లు కొన్నవాళ్లకు స్మాల్ అనడం కష్టంగా ఉంటుంది. అది స్పీకర్ సైజు గురించి కాదు, 80కి కింద ఉన్న బేస్‌ను సబ్‌కు పంపమని రిసీవర్‌కు చెప్పడం మాత్రమే. చిన్న శాటిలైట్ స్పీకర్లయితే 100 నుంచి 120 దాకా పెట్టుకోవచ్చు.

సబ్ వెనక క్రాసోవర్ నాబ్ ఉంటే చివరిదాకా పైకి తిప్పేయండి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాలోని విడి బేస్ చానెల్) అని రాసి ఉన్న ఇన్‌పుట్ వాడండి. రిసీవర్ ఒకసారి కోసిన బేస్‌ను సబ్ మళ్లీ కోయకూడదు. గెయిన్ (సబ్ శబ్దం పెంచే) నాబ్ సగానికి కొంచెం తక్కువలో, ఫేజ్ (సబ్, స్పీకర్ల శబ్దాలు కలిసి నడిచేలా చేసే స్విచ్) సున్నాలో ఉంచండి. నైట్ మోడ్, లౌడ్‌నెస్, బేస్ బూస్ట్ లాంటివన్నీ ఆపేయండి.

దూరాలు టేపుతో కొలవండి, మీరు కూర్చునేటప్పుడు తల ఉండే చోటు నుంచి ఒక్కో స్పీకర్ ముందు భాగం దాకా. రిసీవర్ ఈ దూరాన్ని బట్టి దగ్గరి స్పీకర్లను ఆలస్యంగా ఆడిస్తుంది. గాలి వేడెక్కితే శబ్దం వేగం మారుతుంది కదా, ఎండాకాలంలో మళ్లీ కొలవాలా అని అడుగుతారు కొందరు. 20 డిగ్రీల్లో సెకనుకు 343 మీటర్లు, 35 డిగ్రీల్లో 352 మీటర్లు. పదడుగుల దూరానికి తేడా సెకనులో నాలుగు వేలవ వంతు కూడా లేదు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఫ్యాన్, లారీ, రైలు

అసలు ఇబ్బంది మన ఊళ్ల చప్పుడుతో. టెస్ట్ టోన్ 75లో ఉన్నప్పుడు గది చప్పుడు 65 కంటే కింద ఉండాలి. పది తేడా ఉంటే మీటరు 0.4 మాత్రమే ఎక్కువ చూపిస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. మూడే తేడా ఉంటే దాదాపు 2 ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు కొలతకు అర్థమే లేదు.

కాబట్టి ఫ్యాను, ఏసీ, కూలరు, వంటింట్లో ఎగ్జాస్ట్, ఫ్రిజ్ శబ్దం చేసే రకమైతే అదీ ఆపండి. రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాను ఆపమంటే ఎవరికైనా చిరాకే, కానీ ఫ్యాను గాలి మైకుకు తగిలితే సి వెయిటింగ్‌లో అంకెలు ఎగిరెగిరి పడతాయి. ఉదయం ఆరు దాటాక మొదలుపెట్టి ఏడులోపు ముగించేస్తే మేలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్లున్న ప్రాంతంలో 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అర్ధరాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది కదా అని అప్పుడు సబ్ టోన్లు పెట్టకండి.

ఇల్లు జాతీయ రహదారికో రైల్వే లైనుకో దగ్గరైతే లారీ పోయినప్పుడల్లా, రైలు వచ్చినప్పుడల్లా మీటరు లేస్తుంది. చెవికి పెద్దగా తెలియని ఆ గురగుర అంతా కింది బేసే, సబ్ కొలతను అదే పాడుచేస్తుంది. అది పోయేదాకా ఆగండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే అసలు కొలవొద్దు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే స్పీకర్లలో సన్నగా హమ్ వస్తుంది.

మీటరు ఎక్కడ పెట్టాలి

సోఫాలో మీరు కూర్చునే చోట, చెవి ఎత్తులో, అంటే నేల నుంచి మూడడుగుల పైచిలుకు ఎత్తులో ట్రైపాడ్ మీద పెట్టండి. సోఫా వీపుకు ఆనించొద్దు, ఒక అడుగు ముందుకుండాలి. మైకు కొన పైకప్పు వైపు చూడాలి, అలాగైతే ముందు స్పీకర్‌కూ వెనక స్పీకర్‌కూ ఒకే న్యాయం జరుగుతుంది. మీరు పక్కకు జరిగి, మీటరు కనపడేంత దూరంలో నిలబడండి. చేత్తో పట్టుకుని ఛాతీ దగ్గర పెట్టుకుంటే మీ ఒంటి మీద నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా కలుస్తుంది. రిమోట్ నొక్కడానికి ఇంట్లో పిల్లలెవరినైనా పిలవండి, వాళ్లకు సరదాగానూ ఉంటుంది.

మీటరులో సి, స్లో పెట్టండి. రేంజ్ బటన్ ఉంటే 75 మధ్యలో వచ్చే రేంజ్ ఎంచుకోండి.

ముందు, సెంటర్, వెనక

రిసీవర్ మెనూలో లెవెల్స్ లేదా టెస్ట్ టోన్ అనే చోటికి వెళ్లండి. కొన్ని రిసీవర్లు టోన్ వాల్యూమ్‌ను తామే నిర్ణయిస్తాయి, కొన్నింటిలో మీరే పెంచాలి. మీరే పెంచాల్సి వస్తే కింది నుంచి మెల్లగా రండి.

ఎడమ ముందు స్పీకర్‌లో హోరుమని వాన శబ్దం లాంటి టోన్ వస్తుంది. అంకె 74, 76 మధ్య ఊగుతుంటుంది. పది సెకన్లు చూసి మధ్య అంకె పట్టుకోండి, ఆ స్పీకర్ లెవెల్‌ను సగం డెసిబెల్ చొప్పున మార్చి 75కు తీసుకురండి. తర్వాత కుడి, సెంటర్, సరౌండ్‌లు వరసగా. అన్నీ అయ్యాక మొదటిదానికి మళ్లీ వెళ్లి చూడండి. సరౌండ్ దగ్గర ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు, ఒక డెసిబెల్ అటూ ఇటూ అయినా పర్వాలేదు. సెంటర్ మాత్రం సగం డెసిబెల్ కూడా వదలొద్దు.

సెంటర్ 75కి వచ్చినా మాట మసకగా ఉంటే లెవెల్ పెంచడం మందు కాదు, గదిని చూడండి. ఒంగోలు చుట్టుపక్కల కొత్త ఇళ్లలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నేల, నున్నటి గోడలు, పెద్ద అద్దాల కిటికీలు మామూలైపోయాయి. చూడటానికి అందంగా ఉంటుంది. కానీ ఆ నల్లరాయి శబ్దాన్ని దాదాపుగా మింగదు, మాట ఒకసారి స్పీకర్ నుంచి, ఇంకోసారి నేల మీద తగిలి వస్తుంది. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి జంపఖానా పరవండి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి. సెంటర్‌ను అరలో నుంచి అంచుదాకా ముందుకు లాగి, ముక్కు కొంచెం పైకి, మీ ముఖం వైపు ఎత్తండి. రెండు రబ్బరు ముక్కలు చాలు. తర్వాత మళ్లీ కొలవండి.

అసెంబుల్డ్ ఆంప్ ఉన్నవాళ్లు కూడా ఇదే చేయొచ్చు, మెనూ బదులు ఒక్కో చానెల్ నాబ్ ఉంటుంది. టెస్ట్ టోన్ లేకపోతే 5.1 టెస్ట్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఆడించండి. యూట్యూబ్‌లో 5.1 టెస్ట్ అని కనపడేవి సాధారణంగా స్టీరియోగానే వస్తాయి, విడివిడి చానెళ్లు రావు. టీవీ నుంచి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ద్వారా పంపుతుంటే టీవీ ఆడియో సెట్టింగ్ పీసీఎమ్‌లో కాక బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సరౌండ్ మౌనంగా ఉంటుంది, మీరు వైరు తెగిందనుకుంటారు.

సబ్ దగ్గర నిదానించండి

ఇక్కడే గదికి గది వేరు. లెవెల్ కంటే ముందు సబ్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి. ప్రతి గదికీ దాని పొడవు, వెడల్పు, ఎత్తుల వల్ల కొన్ని బేస్ స్వరాలు ఉబ్బుతాయి. లెక్క తేలిక, 565ను అడుగుల్లో ఉన్న కొలతతో భాగించండి. 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాల్లో 35, 51, 56 హెర్ట్జ్ దగ్గర ఆ ఉబ్బు వస్తుంది. మూలలో సబ్ పెడితే అవన్నీ గట్టిగా లేస్తాయి. హాలూ డైనింగూ కలిసి ఉన్న ఇంట్లో లెక్క మారిపోతుంది, బేస్ అటు పారిపోతుంది.

మంచి చోటు దొరకాలంటే సబ్‌ను ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ ఒకే తీరులో నడిచే పాట ఒకటి పెట్టి, సబ్ ఉంచడానికి వీలున్న చోట్లన్నింటా మోకాళ్ల మీద వంగి, చెవి సబ్ ఎత్తులో పెట్టి వినండి. ఒకచోట బేస్ బురదలా ఉంటుంది, ఒకచోట మాయమైపోతుంది, ఒకచోట ప్రతి దెబ్బా విడిగా, గట్టిగా వినపడుతుంది. ఆ మూడో చోటే సబ్ చోటు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నా ఇది నమ్మకమైన పద్ధతి.

ఇప్పుడు సబ్ టోన్ పెట్టండి. అంకె స్పీకర్లకంటే ఎక్కువగా ఊగుతుంది, పదిహేను ఇరవై సెకన్లు చూసి మధ్యలో అంచనా వేయండి. ముందు రిసీవర్ లెవెల్‌ను సున్నాకి రెండు మూడు కిందకు పెట్టి, సబ్ వెనక గెయిన్ నాబ్‌తో 75 దగ్గరకు తెచ్చి, చివరి సర్దుబాటు రిసీవర్‌లో చేయండి. రిసీవర్‌లో మైనస్ 12 దాకా పోయినా ఇంకా ఎక్కువగా ఉందంటే సబ్ నాబ్ మరీ పైన ఉన్నట్టు. చవక మీటర్లు కింది బేస్‌ను రెండు మూడు డెసిబెల్స్ తక్కువగా చూపిస్తాయి, కాబట్టి మీటరు 73 చూపించినా అసలు 75 దగ్గరే ఉండొచ్చు.

ఎల్‌ఎఫ్‌ఈ చానెల్ 10 డెసిబెల్స్ ఎక్కువ ఆడాలి కదా, 85 పెట్టాలా అని అడుగుతారు. వద్దు. ఆ పది సినిమా ఆడేటప్పుడు రిసీవరే కలుపుతుంది. మీరూ కలిపితే రెండుసార్లు కలిసి, మాట మళ్లీ మునిగిపోతుంది.

తర్వాత ఫేజ్. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 80 హెర్ట్జ్ టోన్ రిసీవర్‌కు పంపి, స్టీరియో మోడ్‌లో, డైరెక్ట్ మోడ్ ఆపి, ముందు స్పీకర్లు, సబ్ కలిసి ఆడేలా చూడండి. ఫేజ్ స్విచ్‌ను సున్నాలో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి మీటరు చూడండి. ఏది ఎక్కువ అంకె చూపిస్తే అది ఉంచండి. అప్పుడు మీరు కూర్చునే చోట సబ్, స్పీకర్లు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా కలిసి నడుస్తున్నట్టు లెక్క.

అదే యాప్‌తో 20 నుంచి 120 దాకా మెల్లగా టోన్ జరపండి, ఈసారి మీటరు వదిలి చెవి పెట్టండి. ఏదో ఒక అంకె దగ్గర స్టీలు బీరువా తలుపు గిలగిలమంటుంది, ఇంకోచోట షోకేసు అద్దం, అటక మీద గిన్నెలు, ట్యూబ్‌లైటు పట్టీ మోగుతాయి. వీటిని చాలామంది సబ్ పగిలిన శబ్దమనుకుంటారు. మోగుతున్నదాని మీద చెయ్యి వేస్తే ఆగిపోతుంది, అదే గుర్తు. బీరువా తలుపు సందులో అట్టముక్క, అద్దం గాడిలో ఫెల్ట్ పట్టీ, గిన్నెల మధ్య పాత గుడ్డ పెట్టండి. ఇది అయ్యాక అదే సబ్ కొత్తదానిలా వినపడుతుంది.

ఆటో కాలిబ్రేషన్ ఉన్నవాళ్లకు

ఆడిస్సీ, వైపీఏవో లాంటివి (మైకుతో రిసీవరే కొలిచి సరిచేసుకునే ప్రోగ్రాంలు) ఉంటే వాడండి, దూరాలూ లెవెల్సూ అవే పెడతాయి. మైకును కుర్చీ మీద పడేయకుండా ట్రైపాడ్ మీద పెట్టి, మొదటి కొలత తప్పకుండా మీ చోటే తీసుకోండి. అయ్యాక స్పీకర్లను లార్జ్ అని పెట్టి ఉంటే స్మాల్‌కు మార్చండి. సబ్ పదకొండు అడుగుల్లో ఉంటే అది ఇరవై అని కూడా రాయొచ్చు, దాన్ని ముట్టుకోవద్దు. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్ని అది దూరం రూపంలో లెక్కేస్తుంది. ఇంకో చిక్కుంది. చాలా రిసీవర్లలో సొంత టెస్ట్ టోన్లు ఈ ఆటో ఫిల్టర్ల గుండా పోవు. అందుకే ఆటో అయ్యాక ఆ టోన్లతో మళ్లీ కొలిస్తే తేడా కనపడుతుంది, సరిచేయబోయి చెడగొడతారు. సరిచూడాలంటే బయటి టెస్ట్ ఫైలు ఆడించండి.

చెవికి అప్పగించడం

ఇప్పుడు తెలిసిన పాట పెట్టండి. మన నెల్లూరు బాలు గారి పాట ఏదైనా సరే, ఆ గొంతు మనకు ఇంట్లో మనిషి గొంతంత తెలుసు. గొంతు నడిమధ్యలో నిలబడి, పెదవి కదలిక కూడా తెలిసినట్టుండాలి. సబ్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలుగుతున్నారంటే అది ఇంకా ఎక్కువగా ఉంది, లేదా క్రాసోవర్ మరీ పైనుంది.

ఇళ్లలో ఎక్కువమంది వాల్యూమ్ మైనస్ 20 చుట్టుపక్కల వింటారు. అంత తక్కువలో మన చెవికి బేస్ సహజంగానే తక్కువగా తెలుస్తుంది. అందుకే సబ్‌ను కొలిచినదానికంటే 3 నుంచి 5 డెసిబెల్స్ పెంచుకుంటే తప్పేం లేదు, నాకూ అలాగే ఇష్టం. సెంటర్‌ను కూడా ఒకటి రెండు పెంచుకోండి, ముఖ్యంగా ఇంట్లో చెవి తగ్గిన పెద్దవాళ్లుంటే. ఈ పెంపులన్నీ సమానం చేశాకే చేయాలి, అప్పుడే ఎంత పెంచారో, ఎక్కడికి తిరిగి రావాలో తెలుస్తుంది.

అన్ని అంకెలూ, సబ్ గెయిన్ నాబ్ ఉన్న చోటుతో సహా, కాగితం మీద రాసి టీవీ యూనిట్ లోపలి వైపు అంటించండి. నాబ్ మీద మార్కర్‌తో చిన్న గీత గీయండి, ఊడ్చేటప్పుడు అది కదిలిపోతుంది. సోఫా జరిపినా, కర్టెన్లు మార్చినా, గదికి తలుపు పెట్టించినా మళ్లీ ఒకసారి మీటరు పట్టండి. మిద్దె మీద గదిలోకి సిస్టమ్ మారిస్తే పాత అంకెలు పనికిరావు, సబ్ చోటు వెతకడం నుంచి మొదలుపెట్టాలి.